విల్లున్నది, బాణమేది?

‘ప్రచండ’ యను పేరు చెవికింపుగనే యున్నది. ఆ పేరు వినినంతనే చప్పట్లు చరచువారిని మేము తప్పుపట్టము. ఈ యుద్ధ హెలికాప్టరు మన ఇంజనీర్లు రూపొందించినది, మన హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు కట్టినది. అందు మాకును గర్వమే. కాని గర్వమునకును లెక్క యొకటి యుండవలెను గదా.

ఈ యంత్రము పుట్టుకకు మూలము నెత్తురు. 1999 మే 28న, కార్గిల్ యుద్ధమున, తోలోలింగ్ వద్ద మన మి-17 హెలికాప్టరు నొకదానిని శత్రువుల క్షిపణి కూల్చెను. అందున్న నలుగురును మరణించిరి. అది మనుష్యులను, సరకులను మోయుటకై పుట్టినది. దానికే రాకెట్లు కట్టి పోరునకు పంపవలసివచ్చెను. ఏలయన, అసలు పోరుకై కొనియుంచుకొన్న రష్యా మి-35 అంత యెత్తున పోరాడుటకు తగినది కాకపోయెను. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనగును. రెక్కకు పట్టు తగ్గును, ఇంజనుకు బలము తగ్గును.

కనుక మనవారు తేలిక దేహము నెన్నుకొనిరి. గరిష్ఠభారము 5.8 టన్నులు. వైమానికుల నిద్దరిని ప్రక్కప్రక్కన గాక ఒకరి వెనుక నొకరిని కూర్చుండబెట్టి దేహమును సన్నము చేసిరి. ఎదుటివానికి గురి సులభముగ చిక్కదు. ముక్కుక్రింద 20 మి.మీ. ఫిరంగి, వైమానికుని శిరస్త్రాణ మెటు తిరిగిన నదియు నటే తిరుగును. 2006లో సంకల్పమును ప్రకటించిరి. 2010 మార్చి 29న తొలిసారి యెగురవేసిరి. 2015లో సియాచిన్‌లో దింపి చూపిరి. 2022 అక్టోబరు 3న జోధ్‌పూరులో వాయుసేనలో చేర్చిరి. పదునారేండ్లు! ఆ యాలస్యమును గూర్చి మరియొకనాడు వాదింతము.

నేటి మా వాదము వేరు. యుద్ధ హెలికాప్టరు పని యేమి? కొండచాటున పొంచియుండి, క్షణకాలము పైకిలేచి, దూరముననున్న ట్యాంకును కొట్టి, మరల చాటునకు దిగుట. దగ్గరకు పోయెనా, ఒంటరి సిపాయి భుజముపైనుండి వదలు చిన్న క్షిపణియే దానికి మృత్యువు. 2022లో ఉక్రెయినులో రష్యావారి కె.ఏ-52 హెలికాప్టర్లు పెక్కు కూలినవి. 2023 వేసవిలో ఆ జాతి హెలికాప్టర్లే దూరమునుండి క్షిపణులు వదలి ఉక్రెయిను ట్యాంకులను నిలువరించినవి. యంత్రము మారలేదు, దూరము మారినది. డ్రోనులు వచ్చినవి గనుక హెలికాప్టర్ల కాలము చెల్లినదని తీర్పు చెప్పు పండితులు ఈ రెండవ సంగతి నేల మరతురో!

అట్టి దూరపు బాణము, ట్యాంకులను కొట్టు క్షిపణి, సేనలో చేరిననాడు ప్రచండకు లేదు. దేశమున లేక కాదు. హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాల రూపొందించిన హెలీనా 7 కిలోమీటర్ల దూరము పోగలదు. గురిచూపి వదలినపిమ్మట తానే వెంబడించి కొట్టును; వదలినవాడు మరుక్షణమే మరలిపోవచ్చును. 2021 ఫిబ్రవరిలో పరీక్షలు ముగిసినవనియు, సేనలో చేర్చుటకు సిద్ధమనియు ప్రభుత్వమువారే ప్రకటించిరి. మరి ఇరువది నెలలు గడచి జోధ్‌పూరు వేడుకనాటికి ఏ కాగిత మడ్డుపడెను? పన్ను కట్టువాడు అడుగరాదా?

స్వదేశి మాటయు చూతము. తొలి 15 హెలికాప్టర్లకు 3,887 కోట్ల రూపాయలు. వానిలో స్వదేశి భాగము విలువలో సుమారు 45 శాతమని సర్కారు లెక్కయే చెప్పుచున్నది. ఫిరంగి ఫ్రాన్సుది, రాకెట్లు బెల్జియమువి, ఇంజను ఫ్రెంచివారితో కలిసి రూపొందించినది. ఇది నింద కాదు, ఉన్నమాట. వేదికలపై నూటికి నూరుపాళ్లని చాటుటయే నింద్యము.

పరదేశపు యంత్రమే మేలనువారికిని ఒక మాట. హైదరాబాదు చెంత ఆదిభట్లలో టాటా-బోయింగు కర్మాగారము అమెరికా అపాచీల దేహములను చేయుచున్నది. ఆ చేతులున్న దేశమే 2020లో ఆరు అపాచీలను కోరి, మొదటి మూడింటికై 2025 జూలై దాక కాచుకొనెను. దేహము చేయుట మనవంతు, ఇచ్చు తేది నిర్ణయించుట పరులవంతు!

2025 మార్చిలో 156 ప్రచండలకు 62,700 కోట్ల ఒప్పందములు జరిగినవి. భూసేనకు 90, వాయుసేనకు 66. స్వదేశి భాగము 65 శాతము దాటించుట ఉద్దేశమనిరి, మూడవయేటినుండి అప్పగింతురట. మంచిది. ఆ మొదటిదానిని స్వీకరించు నధికారి చిన్నరెక్కక్రింద ఈ దేశపు క్షిపణి వ్రేలాడుచున్నదో లేదో చూచి సంతకము చేయవలెను. లేనిచో కర్మాగారమునకే త్రిప్పి పంపవలెను.