టైర్ల కంటే ముందు ఆయిలు

ఎడిసన్‌లో మనవాళ్ళ ఇళ్ళముందు ఒకప్పుడు క్యామ్రీ, అకార్డ్, పిల్లలు పుట్టాక ఒడిస్సీ. అంతే. ఇప్పుడు అక్కడక్కడా సెకండ్‌హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎం3లు కూడా తగులుతున్నాయి. వాటిని ఊరికే కడిగి పెట్టుకోవడంతో సరిపెట్టుకోకుండా, చీకటితోనే లేచి దక్షిణాన మిల్‌విల్ దాకా తోలుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. 2008లో మొదలైన న్యూజెర్సీ మోటార్‌స్పోర్ట్స్ పార్కు అక్కడే ఉంది. అందులో థండర్‌బోల్ట్ ట్రాకు 2.25 మైళ్ళు. మంచి సరదానే, నేను కాదనను. నా పేచీ అంతా వాళ్ళు డబ్బు ఖర్చుపెట్టే వరస మీద.

కారు కొన్న నెలలోపే జిగురు టైర్లు కొంటారు. తర్వాత బ్రేకులు, ఆ తర్వాత చప్పుడు చేసే సైలెన్సరు. ఇంజను సంగతి అడిగితే "అదంతా జర్మనీ వాడు చూసుకున్నాడులే" అంటారు.

బేరింగంటే మనలో చాలామందికి సైకిలు చక్రంలో గుళ్ళే గుర్తొస్తాయి. ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోట గుళ్ళుండవు. మెత్తని లోహపు పొర వేసిన రెండు అర్ధచంద్రాకారపు రేకులుంటాయి. క్రాంకు వాటిమీద ఆనదు. పంపు తోసే ఆయిలు వెంట్రుకకంటే సన్నని పొరగా మధ్యలో దూరి దాన్ని తేల్చి పట్టుకుంటుంది. జోరువానలో రూట్ 1 మీద వేగంగా పోతే టైరు నీళ్ళమీద తేలుతుంది చూడండి, అదే సూత్రం. అక్కడ తేలితే ప్రమాదం, ఇక్కడ తేలకపోతే ప్రమాదం.

అన్నట్టు, మన ఊళ్ళల్లో ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన ఇంజను ఆయిలు చేసి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆ పేరు క్యాస్టర్ ఆయిల్ నుంచి వచ్చిందే. అంటే ఈ విద్య మనకి మరీ కొత్తదేం కాదు :-)

మళ్ళీ టైర్ల దగ్గరికి వద్దాం. మామూలు కార్లలో ఆయిలు కిందనున్న సంపులో నిలవుంటుంది. పంపు ఒక గొట్టంతో దాన్ని పీల్చుకుంటుంది. మలుపులో 1 జీ పక్కబలం పడితే ఆ ఆయిలు మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. గొట్టం మూతి తేలిందంటే పంపు పీల్చేది గాలే. జిగురు టైరు చేసే పని ఆ పక్కబలాన్ని పెంచడం. అంటే సంపు ముట్టుకోకుండా టైర్లు మార్చినవాడు, డబ్బిచ్చి మరీ ఇంజనుకి ఆయిలు దూరం చేసుకుంటున్నాడన్నమాట. 7000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు సెకనుకి 116 సార్లు పైగా తిరుగుతుంది. పొడుగాటి మలుపులో రెండు సెకన్లు గాలి పీలిస్తే ఎన్ని చుట్లో మీరే లెక్కేసుకోండి.

దీనికి చిక్కటి ఆయిలు మందు అనేవాళ్ళున్నారు. వేడెక్కి పలచబడే సమస్యకైతే కొంత నిజమే. కానీ గొట్టంలోకి గాలి వస్తుంటే డబ్బాలో ఏం పోసినా ఒకటే. సంపులో అడ్డుపలకలు, లేదంటే ఒత్తిడి పడిపోగానే నిలవుంచిన ఆయిలును వదిలే అక్యుసంప్ లాంటిది పెట్టించుకోవాలి. 2006 కార్వెట్ జీ06కి షెవర్లే కంపెనీయే డ్రై సంపు ఇచ్చింది ఊరికే కాదు.

డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపాన్ని నమ్ముకోవడం ఇంకో భ్రమ. ఒత్తిడి దాదాపు అడుగంటాక గానీ అది వెలగదు. సర్వర్ పడిపోయాక వచ్చే అలర్టు ఈమెయిలు లాంటిది. అంకెలు చూపించే ప్రెషర్ గేజు, దానికో అలారం కావాలి. ట్రాకులో దిగిన ప్రతిసారీ, బయటికి రాగానే ఆయిలు మట్టం చూడాలి. ఆయిలు వేడెక్కకుండా ఆర్‌పీఎం పెంచకూడదు. పాత ఆయిలు నమూనా ల్యాబుకి పంపితే సీసం, రాగి ఎంత కలిశాయో చెబుతారు. ఒక్క రిపోర్టుతో తేలేది తక్కువ, వరసగా నాలుగైదు చూస్తేనే తేడా తెలుస్తుంది. పెద్ద రజను మాత్రం ఆ పరీక్షకి దొరకదు కాబట్టి ఫిల్టరు కోసి చూడటం కూడా అలవాటు చేసుకోవాలి.

కంపెనీ తప్పు లేదా అంటే, ఉంది. 2001-2003 ఎం3లకు బీఎండబ్ల్యూనే పిలిచి బేరింగులు మార్చింది. తర్వాత వచ్చిన వీ8 ఎం3 బేరింగుల మీద అంతకంటే ఎక్కువ గోల జరిగినా రీకాల్ రాలేదు. రావాల్సిందని నా అభిప్రాయం. కానీ వారంటీ ఎప్పుడో తీరిపోయిన కారుకి, అందులోనూ ట్రాకు మీద తిప్పిన కారుకి, ఇంకెవరో పూచీ పడతారని కూర్చుంటే పోయేది మన ఇంజనే. ఆ ఇంజను ధరలో చిన్న వంతుకే ముందుగా బేరింగులు మార్పించుకోవచ్చు.

అందుకే అలాంటి కారు కొనబోయేవాళ్ళు బేరింగులు ఎప్పుడు మార్చారో రసీదు అడగండి. రసీదు లేదంటే ఆ ఖర్చు ధరలోంచి కొట్టేయమనండి. ఓక్ ట్రీ రోడ్డులో చీర దగ్గర పది డాలర్లకి అరగంట బేరమాడేవాళ్ళం, ఇక్కడ మొహమాటమెందుకు?