జాబితా ముందా, పోటీ ముందా?

మన ప్రాంతంలో ఆటల గూర్చి మాట్లాడవలసి వస్తే పెద్దలు రెండే మాటలు చెబుతారు. ఆటలు ఆరోగ్యానికి మంచివి అనేది ఒకటి, పతకం తెచ్చినవారిని సన్మానించాలి అనేది రెండోది. ఆడేది ఎవరో నిర్ణయించేదెవరు, ఎట్లా నిర్ణయిస్తారు అన్న ప్రశ్న మాత్రం ఏ వేదిక మీదా వినబడదు. నిజామాబాదు బాక్సరు నిఖత్ జరీన్ జీవితాన్ని ఈ ప్రశ్న పెట్టుకుని చూడాలని నా ఉద్దేశం. ఆమె కొట్టిన దెబ్బల గూర్చి పత్రికలు బోలెడు రాశాయి. ఆమె రాసిన ఒక ఉత్తరం గూర్చి నేను రాస్తున్నాను.

ముందు నాలుగు వివరాలు. నిఖత్ 1996 జూన్‌లో పుట్టింది. నలుగురు అక్కచెల్లెళ్లలో మూడో పిల్ల. తండ్రి కొన్నేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనిషి, తానూ ఆటగాడే. మొదట పరుగుపందెంలో పెట్టాడు. తరువాత బాక్సింగు. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చిన హుసాముద్దీన్ తండ్రి దగ్గరే ఆమె గ్లోవ్స్ తొడగటం నేర్చుకుంది. ఆడపిల్లలెవరూ లేక మగపిల్లలతోనే తలపడవలసి వచ్చేది. ఒకనాడు ముఖం వాచి, ముక్కున నెత్తురుతో ఇంటికొస్తే తల్లి భయపడిందట, ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని. 2009లో విశాఖపట్నం సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య ఐ. వెంకటేశ్వరరావు గారి శిక్షణలో చేరింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో, పదిహేనేళ్లు నిండకముందే, జూనియర్ ప్రపంచ చాంపియన్. తరువాత యూత్ ప్రపంచ పోటీల్లో రజతం.

ఇంతవరకు బాగానే ఉంది. అక్కడినుంచి సీనియర్ ప్రపంచ చాంపియన్ కావటానికి పదకొండేళ్లు పట్టింది! ఇందులో ఒక ఏడాది ఎక్కడ పోయిందో మనలాంటి విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2017లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనే ఆమె భుజం తొలిగింది. ఆపరేషన్ అయింది. చాలాకాలం రింగుకు దూరం. అప్పుడామె హైదరాబాదులో డిగ్రీ చదివే అమ్మాయి, యూనివర్సిటీ కోసం ఆడుతున్న అమ్మాయి. యూనివర్సిటీ ఆటలంటే సెలవు దొరికే విహారయాత్ర అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఇక ఉత్తరం. 2019లో ప్రపంచ పోటీలకు 51 కిలోల విభాగంలో ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపారు. ఆమె కాంస్యంతో తిరిగొచ్చింది. తరువాత టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా ఆమెనే నేరుగా పంపాలనే ఆలోచన ఫెడరేషన్ పెద్దల నుంచి బయటికొచ్చింది. స్వర్ణమో రజతమో తెచ్చినవారికే ట్రయల్ మినహాయింపు అన్నది అంతకుముందు చెప్పుకున్న పద్ధతి. ఆ అక్టోబరులో నిఖత్ కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగంగా ఉత్తరం రాసింది. ఆమె కోరిందల్లా ఒక్క పోటీ. అన్ని పతకాలు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కూడా ప్రతి ఒలింపిక్స్‌కూ మళ్లీ అర్హత సాధించుకోవలసి వచ్చింది కదా అని అడిగింది. షూటర్ అభినవ్ బింద్రా ఆమె పక్షాన మాట్లాడాడు. చాలామంది మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు ఇంత పొగరా అన్నారు.

డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1తో ఓడిపోయింది. మేరీ కోమ్ చేయి కూడా కలపలేదు.

చూశారా, అనవసరంగా గోల చేసింది, తీరా ఓడిపోయింది కదా అనే మిత్రులు మన క్యాంటీనులోనూ ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. ఓడిపోతే హక్కు లేకుండా పోతుందా? ఆ రోజు మేరీ కోమ్ గెలిచి వెళ్లింది. గెలిచి వెళ్లటం వేరు, పంపితే వెళ్లటం వేరు. ఉత్తరం వల్ల మేరీ కోమ్‌కు కూడా మేలే జరిగిందని నా అభిప్రాయం. ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012 లండన్‌లో కాంస్యం, బిడ్డల తల్లి. ఆమెను దుష్టపాత్ర చేయటం నాకిష్టం లేదు. తప్పు పద్ధతిది. పేరున్నవారికి పోటీ అవసరం లేదనుకునే పద్ధతిది.

జపానులో 1960లలో పుట్టిన కిక్‌బాక్సింగును చూడండి. అక్కడ అది వృత్తి. ఆటగాడికి డబ్బు టిక్కెట్ల నుంచి, టెలివిజన్ నుంచి వస్తుంది. 1993లో మొదలైన కె-1 పోటీలతో అది పెద్ద వ్యాపారమే అయింది. ప్రేక్షకులు చూస్తామంటే మ్యాచ్ దొరుకుతుంది. అందులో అన్యాయాలు లేవని కాదు. కాని మన బాక్సరు బతుకు టిక్కెట్టు మీద ఆధారపడి లేదు, ఎంపిక కమిటీ మీద ఉంది. కమిటీ పంపితే పతకం, పతకం ఉంటే ఉద్యోగం. నిఖత్‌కు 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కొలువు వచ్చింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం రెండు కోట్లు ఇచ్చింది. 2024 సెప్టెంబరులో డీఎస్పీ అయింది. అంటే ట్రయల్ పెట్టకపోవటమంటే ఒక మనిషి అన్నం పళ్లెం ముందునుంచి లాగేసినట్టే.

తరువాతి కథ అందరికీ తెలుసు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సరు జుటామస్‌ను 5-0తో ఓడించి 52 కిలోల ప్రపంచ చాంపియన్. అదే ఏడు బర్మింగ్‌హామ్‌లో 50 కిలోల స్వర్ణం. 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ కిరీటం. 2024 పారిస్‌లో రెండుసార్లు ప్రపంచ విజేత అయివుండీ సీడింగు లేక, రెండో పోటీలోనే టాప్ సీడు చైనా అమ్మాయి వూ యూ ఎదురైంది. 0-5. ఆ వూ యూయే చివరికి స్వర్ణం గెలిచింది. అదృష్టం బాగాలేదనవచ్చు. నిఖత్ మాత్రం మళ్లీ గ్లోవ్స్ కట్టుకుంది. 2025 నవంబరులో ప్రపంచ కప్ ఫైనల్స్‌లో మళ్లీ స్వర్ణం.

ఇదంతా నిజామాబాదు సంగతి, మనకెందుకు అంటారా? వేములపల్లి సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. నాట్లకు వంగి సూర్యాస్తమయం దాకా లేవని ఆడవాళ్ల నడుం బలం చూస్తూ పెరిగినవాళ్లం మనం. అటువంటి ఊళ్లోనే “ఆడపిల్లకు కుస్తీలెందుకు, చెయ్యో కాలో ఇరిగితే రేపు పెండ్లెట్లయితది?” అని అడుగుతారు. పొలంలో ఇరగని చెయ్యి గ్రౌండులోనే ఇరుగుతుందేమో! హైస్కూలులో కబడ్డీ కూతకు గ్రౌండంతా దద్దరిల్లించిన పిల్లలు ఇంటర్ దాటేసరికి ఏమైపోతున్నారో లెక్కతీసినవారు లేరు.

తల్లిదండ్రులదే తప్పంటే నేనొప్పుకోను. ఒక కాలేజీలో (పేరెందుకులెండి) వేములపల్లి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి పరుగుపందెం టీము కోసం అడగబోతే “లిస్టు పోయిందమ్మా” అన్నారు. ఎప్పుడు పోయింది, ఎవరు పరుగెత్తితే పోయింది అంటే జవాబు లేదు. ఆ అమ్మాయి ఉత్తరం రాయలేదు. బస్సెక్కి ఇంటికి పోయింది. ఆమె గెలిచేదో లేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. అదే నా బాధ.

కనుక రాబోయే యూనియన్ వారిని నేనడిగేది పెద్ద స్టేడియం కాదు. ప్రతి ఆటకూ ఎంపిక తేదీని పదిహేను రోజుల ముందు నోటీసు బోర్డు మీద పెట్టించండి. గత ఏడాది ఆడినవాళ్లు కూడా ట్రయల్‌కు రావాలి, కెప్టెన్‌తో సహా. ఎవరెంత దూకారో, ఎంతసేపట్లో పరుగెత్తారో అదే సాయంత్రం అదే బోర్డు మీద కనబడాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు టిక్కెట్టు లేదు గాని, చీకటి పడ్డాక ఊరికి పోయే బస్సు దొరకటం ఇప్పటికీ కష్టమే. అందుచేత అమ్మాయిల ట్రయల్స్ సాయంత్రం పెట్టకండి. పొద్దుట పెట్టండి, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ బస్సులు వచ్చిన తరువాత.