పాట కింద ఎవరి పేరు రాస్తారు?

పోస్టు కొంచెం పెద్దదే. అన్నలు, అక్కలు ఓపికతో చదవండి.

పోయిన ఏడాది మా కాలేజీ ఫెస్ట్‌లో మన గోండి పాట ఒకటి పాడారు. పాడినవాళ్ళు మనోళ్ళు కాదు, కానీ బాగానే పాడారు. తర్వాత వీడియో పెట్టారు. దాని కింద పాడినవాళ్ళ పేర్లు, కీబోర్డు వాయించిన అబ్బాయి పేరు, కెమెరా, ఎడిటింగ్, చివరికి టీ షర్టులు ఇచ్చిన షాపు పేరు కూడా ఉన్నాయి. పాట దగ్గర మాత్రం ‘ట్రైబల్ ఫోక్’ అని రెండు ముక్కలు. ఆ పాట వాళ్ళకు నేర్పింది మా హాస్టల్ పిల్లే. ఆమె నేర్చుకున్నది వాళ్ళ అవ్వ దగ్గర. ఆ రాత్రి రూమ్‌లో దీని మీద పెద్ద గొడవే అయింది. మన పాటలు బయటోళ్ళు ముట్టుకోవద్దు అని సగం మంది, అంతమంది విన్నారు కదా సంతోషపడాలి అని సగం మంది.

ఈ మధ్య ఒక ఆల్బమ్ విన్నాక ఆ గొడవ మళ్ళీ గుర్తొచ్చింది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ క్వయర్ 2017లో నాక్సోస్ కంపెనీకి చేసిన ‘ది డోర్స్ ఆఫ్ హెవెన్’. (క్వయర్ అనగానే మా రూమ్‌లో ఒకడు “కోయోళ్ళ పాటలా?” అన్నాడు. కాదు, చర్చిలో పాడతారే, ఆ రకం బృందగానం.) పాడింది మనలాంటి స్టూడెంట్సే. నడిపించింది వాళ్ళ సారు ఈతన్ స్పెరీ. పాటలు మాత్రం వాళ్ళ దేశానివి కావు. లాత్వియా దేశపు ఎరిక్స్ ఎషెన్‌వాల్డ్స్ రాసినవి. ఆయన పుట్టింది 1977లో, అంటే ఇప్పటి మనిషే. ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ క్లాసికల్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఒక కాలేజీ పిల్లల రికార్డు!

లాత్వియా ఎంత దేశమో చూడండి. జనాభా దాదాపు 19 లక్షలు. 2011 జనగణనలో గోండి మా మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 29 లక్షల పైన. అంటే ఆ దేశం మొత్తం జనం కంటే మన భాష మాట్లాడేవాళ్ళే ఎక్కువ. మరి వాళ్ళ పాట ఓరెగాన్ దాకా పోయింది, మన పాట ‘ట్రైబల్ ఫోక్’ దగ్గర ఆగింది. వాళ్ళు 1873 నుంచి దేశమంతా ఒక చోట చేరి పాడే పాటల పండుగ జరుపుకుంటున్నారు. సోవియట్ పాలన నుంచి బయటపడిన ఆ పోరాటానికే ‘పాడే విప్లవం’ అని పేరొచ్చింది. పాటలు సేకరించారు, రాసిపెట్టారు, బడిలో నేర్పారు. వాళ్ళది దేశం, ప్రభుత్వం వాళ్ళ చేతిలో ఉంది, మనకు లేదు, అది నిజమే. కానీ అన్నిటికీ అదే సాకు చెప్పుకుంటే కుదరదు.

అసలు మాట ఇక్కడ మొదలవుతుంది. ఆ ఆల్బమ్‌లో ‘ది ఫస్ట్ టియర్స్’ అనే పాట ఇన్యూట్ ఆదివాసుల కథ మీద కట్టింది. ‘రివర్స్ ఆఫ్ లైట్’ అనే ఇంకో పాట ఉత్తర ధ్రువం వైపు ఆకాశంలో కనిపించే వెలుగుల గురించి. దాంట్లో రెండు రకాల మాటలున్నాయి. ఒకటి సామీ ఆదివాసుల జానపద పాటల మాటలు, సామీ భాషలోనే. రెండోది ఆ మంచు ప్రాంతాలకు వెళ్ళిన యాత్రికుల డైరీల మాటలు, ఇంగ్లీషులో. యాత్రికులకు పేర్లున్నాయి: చార్లెస్ ఫ్రాన్సిస్ హాల్, ఫ్రిట్‌జోఫ్ నాన్సెన్. సామీలకు పేరు లేదు. ‘సామీ జానపదం’. చూడటానికి వచ్చినవాళ్ళకు పేరుంది, అక్కడే పుట్టి ఆ వెలుగుల మీద పాట కట్టినవాళ్ళకు లేదు. పాట వింటే మాత్రం ఒళ్ళు పులకరిస్తుంది, అబద్ధం చెప్పం. నాలుగైదు సార్లు విన్నాం.

సామీల దగ్గర ‘యోయిక్’ అని ఒక పాట పద్ధతి ఉంది. ఒక మనిషి మీద యోయిక్ కడితే, అది ఆ మనిషి ‘గురించి’ పాట అనరు, ఆ మనిషే అంటారు. కట్టినవాడిది కాదు, ఎవరి మీద కట్టారో వాళ్ళది ఆ పాట. అట్లాంటి జనం పాట కింద పేరు లేకపోతే ఎంత పోయినట్టో ఆలోచించండి. మతం పేరుతో వాళ్ళ డోళ్ళు లాక్కుని కాల్చారు, యోయిక్ పాపం అన్నారు. నార్వేలో సామీ పిల్లల్ని హాస్టల్ బడుల్లో పెట్టి సొంత భాష మాట్లాడనివ్వలేదు. హాస్టల్ అనే మాట చదివి మేము కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు.

ఇదంతా చదివి ‘అయితే బయటోళ్ళు పాడొద్దు’ అనే పక్షానికి వెళ్ళామనుకోకండి. పోర్ట్‌లాండ్ పిల్లలు తప్పు చేశారని మేము అనడం లేదు. తెలియని భాష మాటల్ని నోట పట్టించుకుని, కష్టపడి పాడారు. అదే స్పెరీ సారు మన ఏ.ఆర్.రెహమాన్ ‘శివాజీ’ సినిమా పాట ‘బల్లేలక్కా’ని కూడా క్వయర్‌కు కూర్చాడు. దాని మీద రెహమాన్ పేరు ఉంటుంది. సినిమా పాటకు ఓనరు ఉన్నాడని అందరికీ తెలుసు, అందుకే పేరు పోదు. అవ్వ పాటకు ఓనరు లేదనుకుంటారు, తేడా అంతే.

పేరు అడిగితే వస్తుంది కూడా. డిస్నీ వాళ్ళ ‘ఫ్రోజెన్’ (2013) మొదట్లో వచ్చే బృందగానం కట్టింది ఫ్రోడె ఫెల్‌హైమ్ అనే సామీ సంగీతకారుడే, ఆయన పేరు ఉంది. 2019లో ‘ఫ్రోజెన్ 2’ తీసేటప్పుడు సామీ పార్లమెంట్లతో, సామీ కౌన్సిల్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నారు. సినిమాను సామీ భాషలోకి కూడా డబ్ చేశారు. తెలుగులో నిత్యా మీనన్ గొంతుతో మనం చూసిన సినిమానే అది. ఊరికే రాలేదు, వాళ్ళకు కూర్చుని మాట్లాడే సంస్థలున్నాయి.

ఇప్పుడు కొంచెం చేదు మాట. గోండు పిల్లలం మేము రాస్తున్నాం కాబట్టి ముందు మా మీదే పెట్టుకుంటున్నాం. మన సగల కథలు, పెర్సాపేన్ కథలు తరతరాలుగా నోట మోసింది ఎవరు? కిక్రి వాయిస్తూ పాడే పర్ధాన్‌లు, తోటిలు. మన స్టేటస్‌లలో, రీల్స్‌లో ‘గోండి సాంగ్’ అని పెడతాం, తోటి తాత పేరు ఎప్పుడైనా పెట్టామా? ఫెస్ట్‌వాళ్ళు మనకు చేసిందే మనం వాళ్ళకు చేస్తున్నాం. ఇది రాయాలా వద్దా అని మాలోనే వాదన జరిగింది. రాద్దామనే అన్నారు ఎక్కువమంది.

కోయల డోలి పాటకు పేరు ఎట్ల వచ్చింది? సకిని రామచంద్రయ్య గారు డోలి కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ, కోయ వంశాల కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పుడే చాలామందికి ఆ పాట వెనుక ఒక మనిషి ఉన్నాడని తెలిసింది. 2024లో ఆయన పోయారు. గుస్సాడీ కనకరాజు గారూ అదే ఏడాది పోయారు. ఇట్లాంటి పెద్దలు ఇంకెంతమంది ఊళ్ళలో ఏ పేరూ లేకుండా ఉన్నారో.

అందుకని దీపావళి సెలవులకు, దండారి టైమ్‌లో ఇంటికి పోయినప్పుడు మేము ఒక పని పెట్టుకున్నాం. ఫోన్లోనే రికార్డు చేస్తాం. పాట మొదలయ్యే ముందు పాడేవాళ్ళే తమ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పాలి. ఆ ముక్క కట్ చేయకూడదు. బయటకు పెట్టొచ్చా లేదా అని అప్పుడే అడగాలి. పూజ పాటలు పెద్దలు వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. రేపు ఏ కాలేజీ క్వయర్ అయినా, ఓరెగాన్ వాళ్ళయినా సరే, పాట అడిగితే ఆ పేరుతో సహా ఇస్తాం.

ఆ ఫెస్ట్ పాట నేర్పిన అమ్మాయి వాళ్ళ అవ్వకు ఫోన్లో ఇదంతా చెప్పింది. అవ్వ నవ్వి, ఆ పాట తనది కాదంది, పెళ్ళయి వచ్చినప్పుడు వాళ్ళ అత్త నేర్పిందట. ఆ అత్త పేరు ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఇంకో ఊళ్ళో ఉన్న ఆమె చెల్లెలి కొడుకును అడుగుతామన్నారు. జైనూర్, నార్నూర్ వైపు వాళ్ళు ఎవరైనా మాతో రాగలిగితే చెప్పండి.