దోషము లేని నాయకునికి పతనము లేదు

మా కెంచనగుడ్డ తుంగభద్ర యొడ్డున నున్నది. హంపీ శిథిలముల ప్రక్కగా పారిన నీరే కంప్లి దాటి సిరుగుప్ప సీమకు వచ్చి మా వరిమళ్లను తడుపుచున్నది. ఆ నీటిని త్రాగి పెరిగినవారము గనుక విజయనగర పతనము మాకు పుస్తకములోని కథగా తోచదు. ఇంటి పెద్ద చావువలె తోచును. అందుచేతనే ఆ కథను నాటకముగా ఆడునపుడు జరుగుచున్న ఒక అన్యాయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము. మేము పండితులము కాము. మెట్రిక్కు వరకు చదివి, గుమాస్తాగా పనిచేసి, విశ్రాంతి గైకొన్నవారము. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

గత ఉగాదికి మా పిల్లలు రామరాజు కథను కొన్ని రంగములుగా కూర్చి ఆడిరి. ఉత్సాహమునకు కొదువ లేదు. కిరీటములను, కత్తులను బళ్లారినుండి అద్దెకు తెచ్చిరి. కాని వారి రామరాజు మొదటి రంగమునుండి తుదివరకు మచ్చలేని మహాత్ముడు. అతడు ఓడినది ద్రోహులవలన. చచ్చినది సుల్తానుల కుట్రవలన. తెర పడిన పిదప మేము లోనికి పోయి, "నాయనా, సదాశివరాయల మాట ఏమైనది?" అని అడిగితిమి. వేషధారి, "మనవాడిని మనమే తక్కువ చేసుకుంటామా, పెద్దాయనా?" అనెను. చుట్టునున్న పెద్దలును అతనినే సమర్థించిరి. ఆ రాత్రి మేము చెప్పలేకపోయిన ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

చరిత్ర యేమి చెప్పుచున్నది? అచ్యుతదేవరాయలు 1542లో గతించిన పిమ్మట రాజధానిలో రక్తపాతము జరిగెను. శ్రీకృష్ణదేవరాయల అల్లుడైన రామరాజు సలకము తిరుమలరాజును తొలగించి సదాశివరాయలను సింహాసనమెక్కించెను. అంతవరకు అది రాజ్యమును నిలిపిన పనియే. అక్కడ ఆగియుండినచో అతడు స్వామిభక్తుడని కీర్తింపబడియుండును. కాని చేజిక్కిన అధికారమును అతడు మరల అప్పగింపలేదు. రాజును కావలిలో నుంచి, 20 ఏండ్లకు పైగా తానే యేలెను. దక్కను సుల్తానులలో నేడొకనితో చేరి రేపు మరియొకనిని కొట్టుట అతని రాజనీతి. దూతలను అవమానించెనని ఫెరిస్తా వ్రాసెను. ఆయన బీజాపూరు కొలువులోనివాడు గనుక ఆ మాటను కొంత తగ్గించియే తీసికొందము. అయినను, తమలో తాము పోరాడుకొనుచుండిన సుల్తానులు అతనిపై ఒక్కటైరనుట సత్యము. 1565 జనవరి 23న జరిగిన యుద్ధములో ఆ వృద్ధుడు పట్టుబడి శిరస్సు కోల్పోయెను.

ద్రోహము జరుగలేదని మేమనము. ఇద్దరు సేనానులు పక్షము మార్చిరని, రెండేండ్లకు ఆ నగరమును చూచిన వెనీసు యాత్రికుడు సీజరు ఫ్రెడరిక్కు వ్రాసెను. అట్లే యనుకొందము. కాని తన రాజును బంధించినవాడు స్వామిద్రోహమును గూర్చి ఎట్లు మొరపెట్టుకొనగలడు? ఈ ప్రశ్న రామరాజు మనస్సులో మెదలిన క్షణమే నాటకము. మా పిల్లలు కోసివేసినది ఆ క్షణమునే.

షేక్స్పియరు మాక్బెతును చూడుడు. మంత్రగత్తెలు ఆశ పెట్టిరి, భార్య పురికొల్పెను. అయినను కవి ఆ నేరమును వారిపై త్రోసి చేతులు దులుపుకొనలేదు. డంకను మంచి రాజని, తనకు చుట్టమని, తన యింటి యతిథి యని మాక్బెతునకు ముందే తెలియును. తెలిసియు కత్తి యెత్తెను. ఆ తెలివియే తరువాత అతనికి నిద్ర లేకుండ చేసినది. అతని రాణిచేత నిద్రలో చేతులు కడిగించినది. కొండపైనుండి ఒకరు త్రోసినచో అది ప్రమాదము. ఎక్కరాని చోటికి తానై యెక్కి జారినచో అది పతనము. మొదటిదానికి జాలిపడుదుము. రెండవదానిని చూచినపుడు జాలితోపాటు మన గుండెయు ఉలికిపడును.

ఇది సీమనుండి వచ్చిన సరకు, మన సంప్రదాయము కాదని కొందరందురు. నాయకుని మరణమును రంగముపై చూపరాదని మన లాక్షణికులు విధించిన మాట నిజమే. కాని తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు 1912 మొదలు అచ్చువేయించిన భాసనాటకములలో ఊరుభంగము కలదు. తొడలు విరిగి పడియున్న దుర్యోధనుని ఒడిలో కూర్చుండవలెనని పసిబిడ్డ వచ్చును. తండ్రికి ఒడి లేదు. పాండవులను సేవింపుమని బిడ్డకు చెప్పి అతడు ప్రాణము విడుచును. అంతటి అభిమానధనుడు ఆ మాట చెప్పుటకంటె వేరు పశ్చాత్తాపమేమి కావలెను?

ఆ నాటకము అచ్చగుటకు చాల ముందే మన బళ్లారి ఈ పని చేసినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912) విషాద సారంగధరను వ్రాసి తెలుగున విషాదాంత నాటకమునకు త్రోవ వేసిరి. పాత కథలో సిద్ధుడు వచ్చి నరికిన కాలుసేతులను మరల మొలిపించును. ఆచార్యులవారు అట్టి ఓదార్పునకు ఒప్పలేదు. సారంగధరుడు నిర్దోషి కదా, మీ సిద్ధాంతమేమైనదని అడుగువారుందురు. ఆ కథలో మరణించినది కుమారుడు, పతనమైనది తండ్రి. విచారింపక కన్నకొడుకును శిక్షించి, ఆపై నిజమెరిగిన రాజరాజనరేంద్రుని దుఃఖమునకు ఏ సిద్ధుడు మందు వేయగలడు?

కోలాచలము శ్రీనివాసరావుగారు (1854-1919) రామరాజు చరిత్రమును నాటకముగా వ్రాసినదియు బళ్లారిలోనే. అందు బళ్లారి రాఘవగారికి (1880-1946) పేరు తెచ్చినది పఠాను వేషము. షైలాకును, ఒథెల్లోను ఆయన ధరించిరి. మచ్చలేని వేషములనే వెదకికొనియుండినచో ఆయన రాఘవ యగుదురా?

ఇంత గట్టిగా వ్రాయుటకు మరియొక కారణము కలదు. కొలువులో నుండగా ఒకనాడు పహణీ నకలు వ్రాయుచు ఒక రైతు భూమి విస్తీర్ణమును వేరొకని పేర వ్రాసితిమి. తప్పు బయటపడినపుడు అనుమానము ప్రక్కబల్ల కుర్రవానిపై పడెను. అప్పటికి మా పదోన్నతి కాగితములు పైకి పోయియున్నవి. ఒక్క మాట చెప్పిన చాలియుండెడిది; చెప్పలేదు. కుర్రవానికి దూరమునకు బదిలీ యైనది. మాకు పదోన్నతి వచ్చినది. ఎవరును మమ్ము వేలెత్తి చూపలేదు. అయినను, విశ్రాంతి గైకొను దినము వరకు జీతపు పట్టీలో సంతకము చేయునపుడెల్ల చేయి బరువెక్కెడిది. మాక్బెతు రాణి చేతులేల కడుగుకొనెనో మాకు ఎవరును బోధింపనక్కర లేకపోయెను.

ఇక మనవారి మాట. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. మా సిరుగుప్ప మైసూరులో చేరినది. నాటినుండి గీత గీసినవారిని తిట్టుచునే యున్నాము. మా రామరాజు వేషధారి తన మాటలను కన్నడ లిపిలో వ్రాసికొని వల్లించెను. అతనికి తెలుగు అక్షరములు రావు. ఇది గీత గీసినవారి తప్పా? కన్నడము మాకు అన్నము పెట్టిన భాష. దానిపై మాకు ఫిర్యాదు లేదు. మన బిడ్డలు పెద్ద కొలువులు చేయవలెనను ఆశతో ఇంగ్లీషు బడికి పంపితిమి, తప్పు లేదు. కాని సాయంకాలము అరగంట కూర్చుండబెట్టి అక్షరములు దిద్దింపకుండ మనలను ఆపినదెవరు? మా కుమారులకు మేమును దిద్దింపలేదు. మచ్చలేని రామరాజు మనకింత ప్రియమగుట వింత కాదు. అతనిని చూచుచున్నంతసేపు మన తప్పు మనకు గుర్తు రాదు.

కావున సంఘము పెద్దలకు మా విన్నపము. వచ్చే ఉగాదికి ఆ నాటకమునే మరల ఆడింపుడు. రామరాజును తక్కువ చేయవద్దు. అతని పరాక్రమమును, రాజ్యదక్షతను నిండుగా చూపుడు. కాని యుద్ధమునకు పోవు ముందటి రాత్రి సదాశివరాయల చెర వాకిట అతనిని ఒంటరిగా నిలువబెట్టుడు. ఆ రంగములోని మాటలను పిల్లలు తెలుగు లిపిలో వ్రాసికొని నేర్చుకొనవలెను. అక్షరములు దిద్దించుటకు మేము ప్రతి సాయంకాలము మా యింటి అరుగుమీద సిద్ధముగా నుందుము. ఇప్పటికే ఆలస్యమైనది, ఆ ఆలస్యములో మా వంతు కలదు.