గోస వాళ్లది, గొంతు ఎవరిది?

ఆకలైనోడికి బువ్వ పెట్టినంత మాత్రాన వాడి కథ చెప్పే హక్కు మనకు వస్తుందా? ఈ ప్రశ్న వేసుకోకుండానే లోకం నలభై ఏళ్లకు పైగా ఒక పాట వింటోంది. 1984లో లండన్‌లో తయారైన 'డు దే నో ఇట్స్ క్రిస్మస్?' ఆ పాట. ఇది క్రిస్మస్ అని వాళ్లకు తెలుసా అని దానర్థం. 'వాళ్లు' అంటే కరువుతో చస్తున్న ఇథియోపియా జనం. ఆ తర్వాత వచ్చిన విరాళాల పాటలకు ఇదే దారి చూపింది. 1985లో అమెరికా గాయకులు 'వి ఆర్ ది వరల్డ్' పాడింది దీన్ని చూసే. అందుకే దీని పుట్టుక తెలుసుకోవాలి.

1984 అక్టోబర్ 23న బీబీసీ విలేకరి మైకేల్ బ్యూర్క్ కోరెం శిబిరం నుంచి పంపిన వార్త ప్రసారమైంది. ఎముకల గూళ్లయిన పసిపిల్లలు, వరసగా పరిచిన శవాలు. అది చూసి ఐర్లండ్ గాయకుడు బాబ్ గెల్డాఫ్ కదిలిపోయాడు. మిడ్జ్ యూర్‌తో కలిసి పాట కట్టాడు. నవంబర్ 25న నాటింగ్ హిల్‌లోని సార్మ్ వెస్ట్ స్టూడియోలో పేరున్న గాయకులంతా చేరారు. ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయించాడు. బాయ్ జార్జ్ న్యూయార్క్ నుంచి కాంకార్డ్ విమానంలో దిగి పాడాడు. డిసెంబర్‌లో రికార్డు బజారుకొచ్చింది. ఐదు వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానం. అక్కడే 30 లక్షలకు పైగా రికార్డులు అమ్ముడయ్యాయి.

ఆ శ్రమను మేం తక్కువ చేయడం లేదు. గాయకులు పైసా తీసుకోలేదు. థాచర్ ప్రభుత్వం రికార్డు మీద వ్యాట్ వదులుకోనంటే గెల్డాఫ్ బహిరంగంగా కొట్లాడాడు. చివరికి సర్కారు దిగొచ్చి అంత సొమ్మూ సహాయానికి ఇచ్చింది. వచ్చిన డబ్బు తిండిగింజలై, మందులై, లారీలై వెళ్లింది. ప్రాణాలు నిలిచాయి. దాన్ని కాదనేవాడు మనిషే కాడు. మా కొట్లాట డబ్బుతో కాదు, పాటతో.

వీడియోనే చూడండి. స్టూడియోకు వస్తున్న తారలు, చెవులకు హెడ్‌ఫోన్లు, మైకు ముందు ఒకరి తర్వాత ఒకరు, చివరికి అందరూ కలిసి. వీడియో నిండా దయగలవాళ్లే. అమెరికా నల్లజాతి కళాకారులు కొద్దిమంది కనబడతారు గానీ ఇథియోపియా గొంతు ఒక్కటీ లేదు. టిలహున్ గెస్సెస్సె, మహమూద్ అహ్మద్ అప్పటికే అమ్హరిక్‌లో పాడి దేశమంతా పేరు తెచ్చుకున్న గాయకులు. ఎవరి పేరు మీద పాట కట్టారో ఆ నేల పాటగాళ్లు ఆ మైకు దాకా రానే లేదు!

రాకపోతే ఏమవుతుంది? అబద్ధం పాటవుతుంది. క్రిస్మస్ తెలుసా అని ఎవరిని అడుగుతున్నారు? ఇథియోపియాలో అక్సుం రాజు ఎజానా క్రైస్తవం స్వీకరించింది నాలుగో శతాబ్దంలో. ఇంగ్లండ్‌ను ఏలిన ఆంగ్లో-శాక్సన్ రాజులకు బాప్తిస్మం అందింది అంతకు రెండు వందల ఏళ్లకు పైగా తర్వాత. కొండరాతిని తొలిచి కట్టిన లలిబెలా చర్చిలున్నది కరువు కాటేసిన వొల్లో ప్రాంతంలోనే. వాళ్ల క్రిస్మస్ పేరు గెన్నా. జనవరి 7న చేసుకుంటారు. పాట మాత్రం ఆఫ్రికాను నీటిచుక్క లేని బీడుగా చూపింది. ఈజిప్టు చేరే నైలు నీళ్లలో 80 శాతానికి పైగా ఇథియోపియా ఎత్తుభూములవే! నది పక్కనే ఉండి గొంతెండటం ఏమిటో మా పాఠకులకు చెప్పనక్కర్లేదు.

వాన కురవని మాట నిజమే. కానీ వాన కురవని చోటల్లా జనం లక్షల్లో చావరు. మెంగిస్తు సైనిక ప్రభుత్వం టిగ్రే, ఎరిట్రియా తిరుగుబాటుదార్లతో యుద్ధం చేస్తూ, వాళ్ల ప్రాంతాలకు తిండి పోకుండా అడ్డుపడింది. జనం చస్తుంటే 1984 సెప్టెంబర్‌లో అడిస్ అబాబాలో పదేళ్ల పాలన ఉత్సవాలు చేసుకుంది. ఉత్తరాది రైతుల్ని బలవంతంగా దక్షిణానికి తరలించింది. నిలదీసిన 'సరిహద్దుల్లేని వైద్యులు' సంస్థ ఫ్రాన్స్ విభాగాన్ని 1985లో వెళ్లగొట్టింది. మరి పశ్చిమ దేశాలు? 1984 మార్చిలోనే ఇథియోపియా సహాయ సంస్థ తిండిగింజలు అడిగింది. ఐరోపా గోదాముల్లో మిగులు ధాన్యం మూలుగుతోంది. అడిగింది సోవియట్ పక్షపు సర్కారు కాబట్టి అక్కడి పాలకులు నిమ్మళంగా కూర్చున్నారు. పాటలో మెంగిస్తు లేడు. యుద్ధం లేదు. గోదాము లేదు. చావులున్నాయి గానీ చంపినవాడు లేడు. ఏ పాలకుడికైనా ఇంతకన్నా ఏం కావాలి?

పాప్ పాటలో రాజకీయాలు ఎట్లా పడతాయని కొందరు మేధావులు అడుగుతారు. అదే 1984లో, అదే బ్రిటన్‌లో జెర్రీ డామర్స్ రాసిన 'నెల్సన్ మండేలా' పాట వచ్చింది. జైల్లో ఉన్నదెవరో పేరు పెట్టి చెప్పింది. విడుదల చేయమని అడిగింది. జనం చిందేస్తూ పాడుకున్నారు. అది జాలి పాట కాదు, డిమాండు పాట. తేడా అక్కడుంది.

లండన్ పాటను 1989, 2004, 2014లో మళ్లీ మళ్లీ పాడించారు. 2014లో ఎబోలా కోసమన్నారు. ఈసారి వీడియోలో ఆఫ్రికా మనిషికి చోటు దొరికింది. ఎట్లా? రోగిగా, మోసుకుపోయే దేహంగా! ఘనా మూలాలున్న గాయకుడు ఫ్యూజ్ ఓడీజీని పిలిస్తే రానని చెప్పాడు. 2024లో పాత గొంతుల్ని కలిపి కొత్త కూర్పు విడుదల చేశారు. తనను అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ని కాదని ఎడ్ షీరన్ అన్నాడు. అదే 2014లో సలీఫ్ కీటా, టికెన్ జా ఫకోలీ, అమదూ-మరియం 'ఆఫ్రికా స్టాప్ ఎబోలా' పాడారు. ఫ్రెంచ్‌తో పాటు స్థానిక భాషల్లో పాడారు. జబ్బు ఎట్లా అంటుతుందో, డాక్టర్లను ఎందుకు నమ్మాలో తమ జనానికి తామే చెప్పుకున్నారు. ఏడుపు లేదు, దేబిరింపు లేదు.

విద్యార్థులారా, ఉద్యోగులారా! రేపు మీ కాలేజీలో, మీ ఆఫీసులో ఎవరి గోస మీదనో విరాళాల పాట కడతారు. చేయి కలపండి, చందా ఇవ్వండి. కానీ పాట రికార్డు కాకముందే అడగండి: ఈ గోస పడుతున్నవాళ్లలో పాడేవాళ్లు ఎందరు? ఈ గోసకు కారణమైనవాడి పేరు ఏ చరణంలో ఉంది? జవాబు లేకపోతే రికార్డింగ్ ఆపండి. ముందు వాళ్ల చేతికి మైకు ఇవ్వండి. చందా డబ్బా తర్వాత తిప్పొచ్చు.