పిల్లుల్ని సంచిలో కట్టి కాలవ దాటించడం ఇక ఆపుదాం



ఈసారి రాసేది వరి గురించి కాదు, మినుము గురించి కాదు. పిల్లుల గురించి. నవ్వుకునేవాళ్లు ముందు నవ్వేసుకోండి, తర్వాత చదవండి. ధాన్యం ఉన్న ప్రతి ఊళ్లో ఎలుక ఉంటుంది. ఎలుక ఉన్న చోట పిల్లి ఉంటుంది. పిల్లులు ఎక్కువైన చోట ఎవరో ఒకరి చేతికి పాపం అంటుకుంటుంది. నా చేతికి అంటింది కాబట్టే రాస్తున్నాను.

మా వీధి చివర ఒక రైస్ మిల్లు. దాన్ని ఆనుకుని మా నాలుగిళ్ల గడ్డివాములు, పశువుల పాకలు. రెండేళ్ల కిందట ఎక్కడి నుంచో రెండు ఆడ పిల్లులు వచ్చి మిల్లు గోడౌన్లో చేరాయి. ఎలుకలు తగ్గాయి, అందరం సంతోషించాం. కిందటి దసరాకి లెక్కపెడితే పదకొండు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మా చివర ఉన్నవి నాలుగిళ్లే కాబట్టి ఒక్కో ఇంటికి రెండేసి సార్లు తెచ్చింది!

లెక్క మనకి తెలియంది కాదు. ఆడ పిల్లి ఐదారు నెలలకే ఎదకొస్తుంది. రెండు నెలలు దాటితే పిల్లల్ని పెడుతుంది, కాన్పుకి మూడు నాలుగు. పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్లీ కట్టగలదు. ఏడాదికి రెండు మూడు కాన్పులు. ఏ గేదె ఇస్తుంది మనకి ఇన్ని దూడల్ని?

పదకొండు అయ్యేసరికి గొడవలు మొదలయ్యాయి. పాలగిన్నె మీద మూత ఉండదు, కోడిపిల్లలు మాయం, రాత్రంతా మగ పిల్లుల పోట్లాట. పక్కింటాయన విసిగిపోయి ఎండు చేపలో మందు కలుపుతానన్నాడు. నేను వద్దన్నాను. అప్పుడాయన నా మొహం మీదే అన్నాడు, "నువ్వు చెయ్యలేదా బావా, అప్పట్లో?" అని.

చేశాను. ముప్పై ఏళ్ల కిందట, మా పాకలో పెట్టిన నాలుగు కూనల్ని గోనెసంచిలో వేసి, సైకిల్ మీద తీసుకెళ్లి కాలవ అవతల వదిలేసి వచ్చాను. కళ్లు సరిగ్గా విప్పలేదు అవి. అవతల బతుకుతాయిలే అని నాకు నేను చెప్పుకున్నాను. తల్లి పిల్లి మూడు రాత్రులు పాక చుట్టూ అరుస్తూ తిరిగింది. మా అమ్మ నన్నేమీ అనలేదు, ఆ మూడు రోజులూ నాతో మాట్లాడలేదు అంతే. పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానం చేసినా ఆ పాపం పోదని నమ్మే మనిషి ఆవిడ. పాపం సంగతి అలా ఉంచండి, పని అయ్యిందా? రెండు నెలల్లో అదే పిల్లికి మళ్లీ కడుపు.

మందు పెట్టడం కూడా అంతే. ఉన్నవాటిని చంపితే ఎలుకలు మిగులుతాయి, ఎలుకల కోసం పక్క వీధి పిల్లులు దిగుతాయి. పైగా విషం చేప పిల్లి ఒక్కటే తింటుందని ఎవరు చెప్పారు? కుక్క తింటుంది, కోడి పొడుస్తుంది. గోడౌన్లో మనం పెట్టే బ్రోమాడియోలోన్ సంగతీ చూడండి. అది తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు. కొన్నాళ్లు తూలుతూ తిరుగుతుంది, అలాంటిదే పిల్లికి సులువుగా దొరుకుతుంది. మనకి సాయం చేసేదాన్నే మనం చంపుకుంటున్నాం.

అందుకని ఆపరేషన్ చేయిద్దాం అనుకున్నాం. అనుకోవడం తేలిక. మా దగ్గరి పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారు మంచివారే. "గేదెకైతే అర్ధరాత్రి పిలిచినా వస్తానండీ, పిల్లికి మత్తిచ్చి పొట్ట కోయడానికి ఇక్కడ సామాను లేదు" అన్నారు. టౌన్లో ప్రైవేటు క్లినిక్కి వెళ్తే ఒక్కో ఆడ పిల్లికి మూడు వేలు, మందులు వేరే. పదకొండింటికి లెక్కేస్తే నా ఎకరం కౌలంత! అక్కడా "ఇంటి పిల్లా, వీధి పిల్లా?" అని అడిగారు. వీధి పిల్లి అనగానే మొహం మారింది. చేత్తో పట్టుకుంటే రక్కేదాన్ని ఎవరు ముట్టుకుంటారు మరి.

చివరికి దారి చూపింది ఆ పశువుల డాక్టరు గారే. పశువైద్య కళాశాలకు అనుబంధంగా ఉండే ఆసుపత్రిలో అడగమన్నారు. పిల్లలు చదువుకునే చోటు కాబట్టి కేసులు కావాలి, పక్కన ప్రొఫెసర్లు ఉంటారు, ఖర్చు మందులు, దారం వరకే ఉండొచ్చు అన్నారు. ఫోన్ చేసి, రోజు అడిగి, రెండు విడతలుగా తీసుకెళ్లాం.

ఖర్చు దాచకుండా చెప్తాను. వెల్డింగ్ షాపులో చేయించిన బోను 1,600. ఆటో రెండు ట్రిప్పులు 2,400. పదకొండింటికి ఫీజు, మందులు కలిపి 4,400. మొత్తం 8,400. మిల్లు ఆయన 3,000 ఇచ్చాడు, ఎలుకల వల్ల ముందు నష్టపోయేది ఆయనే కదా. మిగతాది నాలుగిళ్లు, ఇంటికి 1,350. ఒక బస్తా ధాన్యం వెల కూడా కాదు.

ఇందులో ఒక సంగతి మనసులో పెట్టుకోలేక చెప్తున్నాను. రెండో విడతలో ఒకటి చూడితో ఉంది. "ఇప్పుడు చేస్తే లోపలివి పోతాయి, ఏం చెయ్యమంటారు?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది. చెయ్యమన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. నెల ముందు కదిలి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. మీరు ఆలస్యం చెయ్యొద్దు అనేది అందుకే.

చాలామంది అడిగే మాట ఒకటుంది: ఆపరేషన్ అయితే పిల్లి ఎలుకల్ని పడుతుందా? ఏమయ్యా, కోడెకి విత్తులు కొట్టించి కాడి కట్టిన వంశం మనది. విత్తులు కొట్టిస్తే ఎద్దు దుక్కి మానేసిందా? పిల్లికి వేట పుట్టుకతో వచ్చింది, ఎదతో వచ్చింది కాదు. మా గోడౌన్ పిల్లులు ఇవాళ కూడా ఎలుకల్ని పడుతున్నాయి. పోట్లాటలు, అరుపులు మాత్రం తగ్గాయి.

చేయించేవాళ్లకి నేను నేర్చుకున్నవి:

డబ్బు తక్కువైతే ముందు ఆడవాటికి చేయించండి. ఒక్క మగది మిగిలినా చాలు, ఆడవన్నీ కడతాయి. ఆడది మిగలకపోతే పిల్లలు లేవు.

బోను పెట్టే ముందు రోజు తిండి వెయ్యకండి. ఎండు చేపకి రాని పిల్లి లేదు. పడగానే బోను మీద గోనె కప్పితే చీకట్లో నెమ్మదిస్తుంది. ఎన్ని గంటలు పస్తుంచాలో డాక్టర్ని అడగండి, కడుపులో తిండి ఉంటే మత్తు ప్రమాదం.

పాలిచ్చే తల్లిని పిల్లలు సొంతంగా తినడం మొదలెట్టాక తీసుకెళ్లండి. అయితే మరీ ఆలస్యం వద్దు.

కుట్లు విప్పే పని లేని దారం వెయ్యమని అడగండి. రెండోసారి అది బోనులో పడదు. ఎడమ చెవి కొస కొంచెం కోయించండి, అయిపోయినదేదో దూరం నుంచే తెలుస్తుంది. మత్తు పూర్తిగా దిగేదాకా బోనులోనే ఉంచండి, నుయ్యి, కాలవ దగ్గర వదలకండి.

రక్కినా కరిచినా సబ్బుతో నీళ్ల కింద బాగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. రేబిస్ కుక్క వల్లే కాదు, పిల్లి వల్ల కూడా వస్తుంది.

పశువైద్య కళాశాలలు ఆంధ్రాలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో ఉన్నాయి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో ఉన్నాయి. ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

ఇక అసలు మాట. నాకు ఆటో ఉన్నాయన తెలుసు, మిల్లు ఆయన చెయ్యి కలిపాడు. అందరికీ అలా కుదరదు. వీధి జంతువుల ఆపరేషన్లకి 2001లో వచ్చిన నిబంధనల పేరులోనే కుక్కలు అని ఉంది. 2023లో కొత్తవి వచ్చాయి, వీధి కుక్కల ఆపరేషన్ల బాధ్యత పంచాయతీల మీద కూడా పెట్టారు. పల్లెల్లో పిల్లి సంగతి మాత్రం ఎవరి పద్దులోనూ లేదు. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు కదా. అలాగే ఏడాదికి ఒక్క రోజు, మండలానికి ఒక చోట, పిల్లులకి ఆపరేషన్ల శిబిరం పెట్టమని అడుగుదాం. బోనులు మనం తెస్తాం, పట్టుకొచ్చేదీ మనమే. డాక్టర్లు, మత్తు మందు వాళ్లు తెస్తే చాలు. వచ్చే గ్రామసభలో నేను కాగితం ఇస్తున్నాను. మీరూ మీ ఊళ్లో ఇవ్వండి.

పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు కూర్చుని ఆలోచించాయట. మనం ఎలుకలం కాదు కదా. పక్కింటి బావ మందు సీసా తిరిగి అటక మీద పెట్టేశాడు. రెండో విడతకి బోను మోసింది ఆయనే.