పూటకూళ్లవాడు ఏమయ్యాడు?



తణుకు దగ్గర ఒక పల్లె సంఘములోని తండ్రి ఇటీవల మమ్ములను ఒక ప్రశ్న అడిగారు. ఆయన కుమార్తె జంతుశాస్త్రములో డిగ్రీ ముగించింది. ప్రార్థనాపరురాలు, ఆదివార పాఠశాలలో చిన్న పిల్లలకు పాఠము చెబుతుంది. ఆఫ్రికా ఖండములో అడవి జంతువుల సంరక్షణకు, అక్కడి పల్లె పిల్లలకు చదువు చెప్పుటకు నాలుగు వారములు స్వచ్ఛంద సేవకు వెళ్ళాలని ఆశపడుతున్నది. ఒక ఏజెంటు అన్నీ తానే చూస్తానన్నాడట. విమానపు ఖర్చు కాక, అక్కడ సేవ చేయుటకు కూడ రుసుము కట్టాలి. "అయ్యగారూ, అర ఎకరము తాకట్టు పెట్టమంటారా? ఇది దేవుని పిలుపే అంటారా?" అని ఆయన ప్రశ్న.

తాకట్టు వద్దని వెంటనే చెప్పాము. పిలుపు సంగతి ఆ అమ్మాయి మోకాళ్ళ మీద తేల్చుకోవలసినది. అయితే ఈ రెంటి మధ్య ఆలోచించవలసినది చాలా ఉన్నది. ఇటువంటి ఆశగల యౌవనస్థులు మన సంఘములలో ఇప్పుడు పెరుగుతున్నారు గనుక ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము.

వాలంటీరు అనగానే మన పల్లెలలో 2019 నుండి కొన్నేళ్ళు ఇంటింటికి పింఛను తెచ్చి ఇచ్చిన పిల్లలు గుర్తుకు వస్తారు. మేము చెప్పేది వారిని గూర్చి కాదు. జీతము లేకుండ, తన ఖర్చులు తానే భరించి, పరదేశములో కొన్ని వారములో నెలలో పని చేసేవారిని గూర్చి. సేవ చేసేవాడే డబ్బు కట్టుట మనవారికి వింతగా ఉంటుంది గాని, అందులో తప్పు లేదు. వచ్చినవానికి అన్నము పెట్టాలి, పడక ఇవ్వాలి, పని నేర్పాలి. ఆ ఖర్చు అడవి పక్కనున్న చిన్న సంస్థ ఎక్కడ నుండి తెస్తుంది? చిక్కు ఎప్పుడు వస్తుందంటే, ఆ రుసుమే వ్యాపారమైనప్పుడు. అప్పుడు జంతువు కోసము మనిషి వచ్చుట పోయి, వచ్చే మనిషి కోసము జంతువును సిద్ధము చేయుట మొదలవుతుంది.

దక్షిణాఫ్రికాలో జరిగినది అదే. తల్లిలేని సింహపు పిల్లలకు సీసాతో పాలు పట్టండి, వాటిని పెంచి అడవిలో విడుతాము అని చెప్పి విదేశీ యువకులను రప్పించి డబ్బు తీసుకొన్న స్థలములు అక్కడ ఉన్నవి. ఆ పిల్లలలో అనేకము తల్లిలేనివి కావు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుండి తీసినవి. మనుష్యుల చేతిలో పెరిగిన సింహము అడవిలో బ్రతకలేదు. పెద్దవైన తరువాత వాటిలో కొన్నిటిని కంచె లోపలనే ఉంచి డబ్బున్న వేటగాండ్రకు చూపించారు. పాలు పట్టిన పిల్లవాడు అప్పటికి తన ఊరు చేరి ఫొటోలు చూపుకొంటున్నాడు. 2021లో ఆ దేశపు ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘము ఈ పద్ధతిని ముగించవలెనని సిఫారసు చేసింది. పక్షి గూడు కనబడితే తల్లిని పిల్లలతో కూడ పట్టుకొనవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో దేవుడు ఇచ్చిన ఆజ్ఞ ఎంత చిన్నదిగా కనబడుతుందో! ఆ చిన్న ఆజ్ఞ అక్కడ ఎవరికి గుర్తు రాలేదు.

పిల్లల విషయములో ఇది ఇంకా బాధాకరము. కంబోడియా దేశములో విదేశీ సందర్శకులు పెరిగిన కొలది అనాథాశ్రమములు కూడ పెరిగినవి. విచారించి చూస్తే ఆ పిల్లలలో ఎక్కువమందికి తల్లియో తండ్రియో బ్రతికే ఉన్నారని తేలింది. రెండు వారములు ముద్దు చేసి వెళ్ళిపోయే అక్కలు, అన్నలు మారుతూ ఉంటే ఆ పసి మనస్సు ఎన్నిసార్లు విరుగుతుందో ఆలోచించండి. మన ప్రాంతములో నమ్మకముగా బాలల గృహములు నడిపిన దైవజనులు ఎందరో ఉన్నారు. వారి చేతి అన్నము తిని నర్సులు, ఉపాధ్యాయులు, పాస్టర్లు అయినవారు మన మధ్యనే ఉన్నారు. అయినను, అతిథి వచ్చినప్పుడెల్ల పిల్లలను వరుసగా నిలబెట్టి పాట పాడించి, వారి లేమిని వినిపించుట మనము కూడ మానుకోవలసిన అలవాటు. 2015 బాల న్యాయ చట్టము ప్రకారము ప్రతి గృహము రిజిస్టరు కావలెను, పిల్లల వివరములు గోప్యముగా ఉండవలెను.

లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని గూర్చి మనము వందల ప్రసంగములు విన్నాము. అందరము సమరయుని చూస్తాము, పూటకూళ్లవానిని చూడము. సమరయుడు ప్రయాణికుడు. గాయములు కట్టాడు, తన వాహనము మీద ఎక్కించాడు, ఒక రాత్రి దగ్గర ఉన్నాడు. మరునాడు తన దారిన వెళ్ళాడు. ఆ తరువాత గుడ్డలు మార్చినది, గంజి పెట్టినది, రాత్రి మూలుగు విని లేచినది పూటకూళ్లవాడే. సమరయుని వివేకము ఇక్కడ కనబడుతుంది. ఆ పని తానే చేస్తానని పట్టుబట్టలేదు. నిలిచియుండేవాని చేతికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైన ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీర్చుతానని మాట ఇచ్చాడు. పరదేశ సేవకు వెళ్ళే యౌవనస్థులను మేము అడిగేది కూడ ఇదే. నీవు వెళ్ళే చోట పూటకూళ్లవాడు ఎవరు? నీవు తిరిగి వచ్చిన తరువాత ఆ పని ఎవరి చేతిలో ఉంటుంది? నీ రాక వలన అతని చేతికి బలము వచ్చినదా, లేక అతని కూలి పోయినదా?

ఇటువంటి పూటకూళ్లవారు ఉన్న చోటులు లేకపోలేదు. 1983లో పీటర్ హారిస్ అనే ఆంగ్లికన్ గురువు, ఆయన భార్య మిరాండా పోర్చుగల్ దేశమునకు వెళ్ళి ఆ రోషా అనే క్రైస్తవ సంస్థను ప్రారంభించారు. ఆ భాషలో ఆ మాటకు 'బండ' అని అర్థము. సృష్టిని కాచుట కూడ విశ్వాసుల పరిచర్యయే అని వారి తలంపు. నేడు ఆ సంస్థ అనేక దేశములలో ఉన్నది, మన బెంగుళూరు పక్కన బన్నేరుఘట్ట అడవి దగ్గర ఏనుగులకును రైతులకును మధ్య తగవు తగ్గించుటకు కూడ పాటుపడినది. కెన్యా దేశములో సముద్రతీరమున వటాము అనే ఊరిలో వారి కేంద్రము ఒకటి ఉన్నది. దాని దగ్గరనే అరబుకో సొకోకే అనే అడవి. తూర్పు ఆఫ్రికా తీరములో మిగిలిన పొడి అడవులన్నిటిలో అదే పెద్దది, సుమారు 420 చదరపు కిలోమీటర్లు. జానెడైన లేని ఒక గుడ్లగూబ, తొండమువంటి ముక్కుతో ఆకులలో వెదుక్కొనే ఒక చిన్న జంతువు, ఇలాంటి అరుదైన ప్రాణులు అక్కడ ఉన్నవి. అడవి చుట్టు ఉన్నది బీద జనము. కట్టెలు కొట్టి, చిన్న జంతువులను ఉచ్చు వేసి పట్టి బ్రతికేవారు. బిడ్డను హైస్కూలుకు పంపాలంటే ఫీజు కట్టలేరు, ఆ ఫీజు కొరకే చెట్టు నరికినవారు ఉన్నారు.

అక్కడి సేవకులు 2001లో ఒక ఏర్పాటు చేశారు. మీదా అనే ఉప్పునీటి పాయ ఒడ్డున, మన కోరింగ వంటి మడ అడవిలో చెక్కలతో నడకదారి వేసి, పక్షులను చూడవచ్చే యాత్రికుల దగ్గర కొద్ది రుసుము తీసుకొని, దానిని, దాతల కానుకలను కలిపి అడవి అంచు గ్రామముల పిల్లల హైస్కూలు ఫీజులకు ఇస్తున్నారు. అడవి నిలిస్తే బిడ్డ చదువు నిలుస్తుందని తలిదండ్రులకు కంటికి కనబడింది. అక్కడికి వెళ్ళిన స్వచ్ఛంద సేవకులు చేసే పని పేరు తెచ్చేది కాదు. తెల్లవారకముందే లేచి సన్నని వలలో పక్షిని మెల్లగా పట్టి, కాలికి ఉంగరము వేసి, తూచి విడిచిపెట్టుట, నర్సరీలో మొక్కలకు నీరు పోయుట, లెక్కలు పుస్తకములోకి ఎక్కించుట, ఇటువంటివి. వారు వెళ్ళిపోయినను ఆ పుస్తకము అక్కడే ఉంటుంది, స్థానికులైన కెన్యావారు దానిని కొనసాగిస్తారు.

పరదేశి వచ్చి సేవ చేయుట మన గోదావరి వారికి కొత్త కాదు. 1836లో ఇంగ్లాండు దేశపు డెవన్ ప్రాంతము నుండి రాతిపని చేసే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జి బీర్ తమ భార్యలతో మన తీరమునకు వచ్చారు. పెద్ద చదువులు లేవు. తెలుగు నేర్చుకొన్నారు, నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో కాపురము ఉన్నారు. 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలైనప్పుడు అక్కడ చేరిన వేలాది కూలీల మధ్య సువార్త చెప్పారు. వారు నెలకు తిరిగిపోయేవారు కాదు గనుకనే మన పితరులు వారి మాట నమ్మారని మా అభిప్రాయము. ఈ మధ్య వచ్చే విదేశీ బృందములలో కొన్ని పది రోజులు ఉండి మందిరపు ప్రహరీకి రంగు వేసి వెళుతున్నవి. వారి ప్రేమను మేము తక్కువ చేయము. కాని రంగు వేసే సోదరుడు మన సంఘములోనే పని లేక కూర్చొని ఉంటాడు. విమానపు టిక్కెట్టులో పదవ వంతుతో అతడు మూడు గోడలకు వేసేవాడు, రంగు కూడ నున్నగా ఉండేది.

ఆఫ్రికా అడవికి వెళ్ళగోరే బిడ్డ ముందు కొల్లేరును తెలుసుకొనవలెను. వటాము అడవి అంచున ఉన్న తగవు మన ఇంటి ముందే ఉన్నది. 102వ కీర్తనలో భక్తుడు తన ఒంటరితనమును గూడబాతుతో పోల్చుకొన్నాడు. ఆ గూడబాతులు సుమారు 3000 కొల్లేటి ప్రాంతములో గూళ్ళు పెట్టి ఉండగా 1946లో కేరళకు చెందిన కె.కె. నీలకంఠన్ గారు కనుగొని లోకమునకు తెలియజేశారు. 1975 నాటికి ఆ గూళ్ళు లేకుండ పోయినవి. తరువాత కైకలూరు దగ్గర ఆటపాకలో అవి మరల గూళ్ళు కట్టుకొన్నవి. చెట్లు చాలక అటవీశాఖవారు నీటిలో ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద కూడ పిల్లలను పెంచుతున్నవి. ఇవి సైబీరియా నుండి వస్తాయని చాలామంది అనుకొంటారు. గూడబాతు మన దేశపు పక్షియే, ఇక్కడే పుట్టి పెరిగేది.

1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటించబడింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టివేశారు. ఆ చెరువులలో బయటి ధనవంతులు లీజుకు తీసుకొని సంపాదించినవి ఉన్నవి, 1970లలో ప్రభుత్వమే ప్రోత్సహించిన మత్స్యకారుల, దళితుల సొసైటీలవి కూడ ఉన్నవి. గట్టు తెగినప్పుడు లంక గ్రామపు బీదవానికి తగిలిన దెబ్బ, పట్టణములో ఉన్న ధనవంతునికి తగిలిన దెబ్బ ఒకటి కావు. పక్షికి ఉన్న విలువ మాకు లేదా అని ఆ కుటుంబములు అడిగితే దేవుని సేవకుడు ఏమి జవాబు చెప్పాలి? మాకు తోచినది ఇది. గట్లు దారి మూసినప్పుడు వరద ఉప్పుటేరుకు పోలేక మొదట ముంచేది ఆ లంక ఇండ్లనే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరకు చేరేది కొల్లేటికే గదా. కనుక సరస్సు బ్రతుకుట పక్షికొక్కదానికే మేలు కాదు. అలాగని బీదవాని నోటి ముద్ద తీసి, బదులు జీవనము చూపకుండ పక్షిని కాపాడామనుకొంటే, ఆ కాపుదల ఎక్కువ కాలము నిలువదు. చెరువు మీద కట్టిన వలలో పక్షి చిక్కితే విడిపించే చేయి ఆ ఊరివాడిదే. నీనెవె పట్టణమును గూర్చి దేవుడు యోనాతో మాట్లాడినప్పుడు మనుష్యులను, పశువులను ఒక్క మాటలోనే కలిపి లెక్కపెట్టాడు.

ఇంత విన్న తరువాత కూడ వెళ్ళాలనుకొనే పిల్లలకు కొన్ని సంగతులు. కువైట్ ఏజెంట్ల మాట నమ్మి కన్నీరు పెట్టిన అక్కచెల్లెండ్రు మన జిల్లాలలో ఉన్నారు గనుక ఇది తేలికగా తీసుకొనవద్దు. జీతము లేని సేవ కూడ అనేక దేశముల చట్టములో పని క్రిందకే వస్తుంది, టూరిస్టు వీసా మీద చేయరాదు. ఆ దేశపు రాయబార కార్యాలయమునే అడగండి. కట్టే రుసుములో ఎంత ఆ ఊరికి చేరుతుందో కాగితము మీద వ్రాసి ఇమ్మనండి, ఇవ్వనివాని దగ్గరకు పోవద్దు. అడవి జంతువును ఎత్తుకొనవచ్చు, ముద్దు చేయవచ్చు అని ఆశ చూపేచోటికి అసలే పోవద్దు. కెన్యా వంటి దేశమునకు వెళ్ళాలంటే ప్రయాణమునకు కనీసము పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకొనవలెను. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. ఒకసారి వేయించుకొంటే ఆ సర్టిఫికెట్టు జీవితాంతము చెల్లుతుంది. అది లేకుండ తిరిగి వస్తే మన విమానాశ్రయములోనే ఆపివేయవచ్చును. అప్పు చేయకుండ వెళ్ళే దారి కూడ ఉన్నది. ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల సంస్థ రుసుము తీసుకోదు, ఎన్నుకొన్నవారికి భత్యము ఇచ్చి పంపుతుంది. అర్హత, అనుభవము మాత్రము అడుగుతుంది.

ఆ అనుభవమునకు మొదటి మెట్టు దగ్గరలోనే ఉన్నది. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా దేశములంతట నీటి పక్షుల లెక్క జరుగుతున్నది. లెక్కపెట్టేవారు ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే, కొల్లేరు కూడ ఆ లెక్కలో ఉన్నది. ఏలూరులోని అటవీశాఖ వన్యప్రాణి విభాగములో డిసెంబరులోనే అడిగి తెలుసుకొనండి. తాడేపల్లిగూడెము, తణుకు యౌవనస్థుల సమాజములు కలిసి వెళితే బస్సు ఖర్చు తగ్గుతుంది. తెల్లని, ఎర్రని చొక్కాలు వద్దు, పక్షులు బెదురుతాయి. లెక్క ఉదయము పెందలకడనే మొదలుపెట్టాలి గనుక రాత్రికే కైకలూరు చేరి అక్కడి విశ్వాసుల ఇండ్లలో ఉండుట మేలు. బైనాక్యులరు ఐదుగురికి ఒకటి ఉన్నను చాలును. పుస్తకము, పెన్సిలు మాత్రము ఎవరివి వారు తెచ్చుకొనవలెను.